హోర్డింగుల మీద కనిపించని మేనిరంగు

గోవాడ చక్కెర కర్మాగారానికి, అనకాపల్లి బెల్లానికి చెరకు పండిస్తూ వచ్చిన చోడవరం ప్రాంతంలో పొలాల్లో పనిచేసేవారూ బజారుకు వచ్చేవారూ ఎక్కువగా చామనచాయ మొదలు నలుపు వరకు రకరకాల మేనిరంగుల వారే అయినా, వారికి బంగారం, పట్టుచీరలు, సబ్బులు అమ్మజూపే ప్రకటనల్లోని ముఖాలు మాత్రం దాదాపుగా తెల్లనివే. ఈ తేడా తెలుగు జిల్లాలన్నిటా ఉన్నదే.

దీనికి వ్యాపారపరమైన కారణం ఒకటి ఉంది. పెద్ద కంపెనీలు తరచు ఒకే ప్రకటనను చిత్రీకరించి, వివిధ భాషల్లోకి డబ్బింగ్ చేయించి ప్రసారం చేస్తాయి కనుక, దేశమంతటికీ సరిపోతుందని ఎక్కడో ఎంచుకున్న ముఖమే ఇక్కడికీ వస్తుంది. ఆపైన లైటింగు, మేకప్, ఫొటోను కంప్యూటర్లో సరిదిద్దే రీటచింగ్ కలిసి ఆ ముఖాన్ని మరింత తెల్లబరుస్తాయి.

అంతకంటే లోతైన కారణం రంగు మీద మన సమాజానికి ఉన్న పక్షపాతం. 1975లో హిందుస్థాన్ లీవర్ విడుదల చేసిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము దానినే పెట్టుబడిగా చేసుకుని, నల్లని అమ్మాయికి అందని పెళ్లి సంబంధమూ ఉద్యోగమూ రంగు తేలగానే వెతుక్కుంటూ వచ్చినట్టు తన ప్రకటనల్లో ఏళ్ల తరబడి చూపింది. పెళ్లిచూపులకు ముందే పిల్ల రంగు ఆరా తీసే ఇళ్లలో ఆ కథకు నిరూపణ అక్కరలేకపోయింది. దాని బాధ మాత్రం ఎదిగే ఆడపిల్లల మీద పడింది.

ప్రకటనల రంగం తనను తాను అదుపు చేసుకోవడానికి 1985లో ఏర్పరచుకున్న అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్, నల్లని మేనిరంగు ఉన్నవారిని ఆకర్షణ లేనివారుగా, దిగులుతో ఉన్నవారుగా చూపరాదని 2014లో నియమం పెట్టింది. 2020లో ఆ క్రీము పేరు గ్లో అండ్ లవ్లీగా మారింది. ఇవి మంచి మార్పులే. కానీ కించపరచడాన్ని ఆపిన నియమం, అసలు చూపకపోవడాన్ని ఆపలేదు. నల్లని ముఖాన్ని వెక్కిరించే ప్రకటన తప్పు అవుతుంది, నూరు ప్రకటనల్లో ఒక్కదానిలోనూ ఆ ముఖం లేకపోతే అది ఎవరి తప్పూ కాదు. వయసు పైబడినవారి విషయంలోనూ, లావుగా ఉన్నవారి విషయంలోనూ, వికలాంగుల విషయంలోనూ జరుగుతున్నది ఇదే.

ఇలాంటివారిని చూపితే సరుకు అమ్ముడుపోదనే వాదనకు జవాబులు లేకపోలేదు. 2013లో తనిష్క్ తన నగల ప్రకటనలో చామనచాయ వధువును, అదీ కూతురితో కలిసి రెండో పెళ్లి పీటల వైపు నడిచే తల్లిని చూపగా దేశవ్యాప్తంగా మెచ్చుకోలు లభించింది. మొటిమలు కనిపించే ముఖంతోనే ‘ప్రేమమ్’లో నటించి, ‘ఫిదా’తో తెలుగువారికి దగ్గరైన సాయిపల్లవి, పెద్ద పారితోషికం వస్తుందన్నా ఫెయిర్‌నెస్ క్రీము ప్రకటనను కాదనుకున్నట్టు 2019లో బహిరంగంగానే చెప్పారు.

చిన్న పట్టణాల దుకాణాలకు ఈ విషయంలో పెద్ద కంపెనీల కంటే వెసులుబాటు ఎక్కువ. పండగకో పెళ్లిళ్ల సీజనుకో వేయించే ఫ్లెక్సీ మీద ఇంటర్నెట్‌లో దొరికిన మోడల్ బొమ్మకు బదులు, ఇష్టపడి ఒప్పుకున్న స్థానిక యువతి ఫొటోను రంగు మార్చకుండా అచ్చువేయించడానికి యజమాని నిర్ణయం ఒక్కటే చాలు.