అపాయకరమైన సరకు – దానిని తోలువాని అర్హత

మన కళుగుమలైనుండి కోవిల్‌పట్టికి పోవు దారిలో అగ్గిపెట్టెల లారీలను చూడనివారు లేరు. శివకాశినుండి బయలుదేరు లారీలలో బాణసంచా ఉండును. విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టిల మీదుగా సాగు 44వ నంబరు జాతీయ రహదారిపై పెట్రోలు ట్యాంకర్లును, వంటగ్యాసు ట్యాంకర్లును రాత్రింబవళ్లు తిరుగుచుండును. ఇట్టి బండిని తోలుటకు ఎవరు తగుదురు? ఆ తగుదనమును ఎవరు, ఎట్లు పరీక్షింతురు? మన బిడ్డలు ఈ దారుల ప్రక్కనే పెరుగుచున్నారు. వారిలో కొందరు రేపు ఈ బండ్లనే తోలవచ్చును. కావున ఈ విషయమును తలిదండ్రులకు విన్నవింపదలచితిమి.

మొదట సరకును గూర్చి తెలిసికొందము. అగ్గిపుల్ల తలలో పొటాషియం క్లోరేటును, పెట్టె ప్రక్కన ఎఱ్ఱ భాస్వరమును ఉండును. రెండును రాచుకొన్నప్పుడే నిప్పు పుట్టును గనుక ఇంటిలో ఒక పెట్టెవలన భయము తక్కువ. కాని లక్షలకొలది పుల్లలు ఒక్క లారీలో చేరినప్పుడు ఎక్కడనో పుట్టిన చిన్న మంటయైనను పెనుమంట కాగలదు. ఐక్యరాజ్యసమితి పద్ధతి ననుసరించి అపాయకరమైన సరకులను 9 తరగతులుగా విభజించిరి. బాణసంచా మొదటి తరగతిలోనిది, వంటగ్యాసు రెండవది, పెట్రోలు మూడవది, అగ్గిపుల్లలు నాలుగవది.

ఇక డ్రైవరు సంగతి. మన దేశమున రవాణా వాహనమును తోలుటకు 20 ఏండ్లు నిండియుండవలెను. వైద్యుని ధ్రువపత్రము ఉండవలెను. పూర్వము 8వ తరగతి చదువు కూడ కావలసియుండెను. 2019లో ఆ నిబంధనను తొలగించిరి. అయినను అపాయకరమైన సరకును తోలువానికి మాత్రము చదువు తప్పనిసరిగానే నిలిచినది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 9వది ఇట్లు విధించుచున్నది: అట్టి డ్రైవరు రాజ్యాంగపు 8వ షెడ్యూలులోని భారతీయ భాషలలో కనీసము ఒకదానిని, దానితోపాటు ఇంగ్లీషును చదువను వ్రాయను నేర్చినవాడై యుండవలెను. అంతేకాక 3 దినముల శిక్షణ పొంది ఉత్తీర్ణుడు కావలెను. ప్రమాదము రాకుండ తోలు పద్ధతి, సరకుల స్వభావము, మంటల నార్పుట, ప్రథమ చికిత్స మున్నగునవి ఆ శిక్షణలో నేర్పుదురు. అటుపిమ్మట లైసెన్సుపై ప్రత్యేకముగ అనుమతి వ్రాయింతురు. 1988 నాటి చట్టము ప్రకారము ఇట్టి లైసెన్సు ఒక్క సంవత్సరమే చెల్లెడిది. 2019 సవరణముచే అది 3 సంవత్సరములైనది.

చదువు ఏల యని కొందరు అడుగుదురు. ట్యాంకరు ప్రక్కలనుండు పలకను చూడుడు. దానిపై 1203 అని యున్నచో పెట్రోలు, 1075 అని యున్నచో వంటగ్యాసు. సరకును పంపువాడు దాని గుణమును, అపాయమును, ఆపద కలిగినచో చేయవలసిన పనిని వ్రాతమూలముగా తెలుపవలెను. డ్రైవరు ఆ పత్రమును తన గదిలోనే ఎల్లప్పుడు ఉంచుకొనవలెను. చదువలేని వానికి ఆ పత్రము వట్టి కాగితమే. 2012 ఆగస్టులో కేరళమునందలి కన్ననూరు దగ్గర చాలా అను ఊరిలో ఒక గ్యాసు ట్యాంకరు బోల్తాపడి, వాయువు వ్యాపించి అంటుకొనెను. ఇంచుమించు 20 మంది మరణించిరి. ఇట్టి సమయమున మొదటి కొన్ని నిమిషములే ప్రాణములను కాపాడును. ఆ నిమిషములలో దగ్గరనుండువాడు డ్రైవరే.

అమెరికాలో మరియొక పరీక్ష గలదు. 2001 సెప్టెంబరు దాడుల తరువాత చేసిన చట్టమును బట్టి, 2005 నుండి ఇట్టి డ్రైవర్ల వేలిముద్రలు తీసికొని వారి పూర్వచరిత్రను విచారించుచున్నారు. దేశద్రోహము, హత్య వంటి ఘోర నేరములు చేసినవారికి అనుమతి లభింపదు. పొరపాటున నిరాకరింపబడినవాడు తిరిగి విన్నవించుకొనుటకు దారి యుంచిరి. దుర్మార్గుని చేతికి బండి చిక్కకుండ చేయుట ఆ పరీక్ష ఉద్దేశము. తెలియనివాని చేతికి చిక్కకుండ చేయుట మన 9వ నిబంధన ఉద్దేశము. రెండును కావలసినవే. కాని సజ్జనుడైనను పత్రమును చదువలేనిచో ఊరికి రక్షణ లేదు.

తలిదండ్రులారా! 8వ షెడ్యూలులో మన తెలుగు కలదు. ఇంటిలో మాటలాడుటకే తెలుగు, బ్రదుకుతెరువునకు అది పనికిరాదని తలచువారు ఈ నిబంధనను గమనింతురు గాక. అయితే నోటిమాట చాలదు. చదువను వ్రాయను రావలెను, తోడుగ ఇంగ్లీషును రావలెను. దారిలో సహాయము కోరుటకు తమిళమును కావలెను. క్లీనరుగా చేరినచో నాలుగు రూపాయలు వచ్చునని పిల్లవానిని నడుమ బడి మాన్పించినచో, ఆ యుద్యోగమున పైకి వచ్చు మెట్టునే మనము తీసివేసినవారమగుదుము.

మరియొక మాట. అట్టి బండి బోల్తాపడినచో చూచుటకు గుంపుగా పోరాదు, కారు నూనెను పట్టుకొనరాదు, నిప్పు ముట్టింపరాదు. పిల్లలను గాలి వచ్చు వైపునకు దూరముగ తీసికొనిపోయి, 112కు గాని, అగ్నిమాపక దళపు 101కి గాని ఫోను చేయవలెను. పలకపైనున్న అంకెలను చదివి చెప్పగలిగినచో ఇంకను మేలు. ఆ పని మన బడిలో చదువుచున్న బిడ్డయు చేయగలడు.