ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు: ఫోన్లలో వీడియో యాప్‌ల తగాదాలు



మన హాస్టల్‌లో పదో తరగతి చదివే ఏ పిల్లవాణ్ణి అడిగినా "యూట్యూబ్ రాని ఫోన్ ఉంటుందా అన్నా?" అని నవ్వుతాడు. ఇప్పుడు నవ్వవచ్చు. కానీ ఫోన్ తయారు చేసే కంపెనీకీ, వీడియోలు చూపించే కంపెనీకీ మధ్య చెడినప్పుడు, డబ్బు పోసి ఫోన్ కొన్నవాడి చేతిలో వీడియో ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి. ఇది డబ్బున్నవాళ్ల గొడవ, మనకెందుకులే అనుకోవడానికి లేదు. 2020లో కరోనా వల్ల బడులు, హాస్టళ్లు మూతపడినప్పుడు మన పాఠాలు దూరదర్శన్ యాదగిరి, సప్తగిరి ఛానళ్ల ద్వారా, టీ-శాట్ ద్వారా, యూట్యూబ్ ద్వారానే కదా ఇంటికి వచ్చాయి! పాఠం ఒక కంపెనీ యాప్‌లో ఉన్నప్పుడు, ఆ యాప్ ఏ ఫోన్‌లో ఆడుతుంది, ఏ ఫోన్‌లో ఆడదు, దాన్ని ఎవరు నిర్ణయిస్తారు అన్నది మన చదువుకు సంబంధించిన ప్రశ్న.

ముందుగా కొంచెం సాంకేతిక విషయం చెప్పుకుందాం. వీడియోలన్నీ యూట్యూబ్ వారి సర్వర్లలో, అంటే పెద్ద పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి. మన ఫోన్‌లోని యాప్ వాటిని అడిగి తెచ్చి చూపిస్తుంది, అంతే. అలా అడగడానికి ఏర్పాటు చేసిన పద్ధతిని ఎ.పి.ఐ. అంటారు. మన మెస్ సంగతే తీసుకోండి. వంటగదిలోకి మనల్ని రానివ్వరు. పళ్లెం పట్టుకొని కిటికీ దగ్గర వరుసలో నిలబడితే లోపలివాళ్లు వడ్డిస్తారు. ఎ.పి.ఐ. ఆ కిటికీ లాంటిది. బయటి కంపెనీ ఏదైనా అక్కడికి రావాలంటే ముందు పేరు నమోదు చేసుకొని ఒక 'కీ' తీసుకోవాలి. టోకెన్ అన్నమాట. టోకెన్‌తో పాటు కొన్ని షరతులు కూడా ఉంటాయి. ఆ షరతులు మీరారని కిటికీ యజమాని అనుకుంటే టోకెన్ రద్దు చేస్తాడు. లోపల అన్నం ఉడుకుతూనే ఉంటుంది, మన పళ్లెం మాత్రం ఖాళీ. ఇందుకు కోర్టు ఉత్తర్వు అక్కరలేదు.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి మరొకటి ఉంది. యూట్యూబ్‌ను గూగుల్ 2006లో 165 కోట్ల డాలర్లకు కొన్నది. ఆండ్రాయిడ్ కూడా గూగుల్‌దే. అంటే మెస్ నడిపేవాడే పక్కన సొంత హాస్టల్ కూడా పెట్టాడు. ఇక వేరే హాస్టల్ పిల్లలు పళ్లేలు పట్టుకొని వస్తే ఎలా చూస్తాడు? తగాదాలన్నింటికీ మూలం ఇదే.

2007లో ఆపిల్ తొలి ఐఫోన్ విడుదల చేసినప్పుడు అందులో యూట్యూబ్ యాప్ ముందుగానే ఉండేది. దాన్ని తయారు చేసింది గూగుల్ కాదు, ఆపిలే. అప్పట్లో రెండు కంపెనీలూ మంచి స్నేహితులు. గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్ ఆపిల్ డైరెక్టర్ల బోర్డులో కూడా ఉండేవారు. ఆండ్రాయిడ్ ఎదుగుతున్న కొద్దీ స్నేహం సన్నగిల్లింది. ష్మిట్ 2009లో ఆపిల్ బోర్డు నుంచి తప్పుకొన్నారు. 2012 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 6లో ఆపిల్ ఆ యూట్యూబ్ యాప్‌ను తీసేసింది. గూగుల్ కొద్ది రోజుల ముందే ఐఫోన్‌కు సొంత యాప్ విడుదల చేసింది కాబట్టి వాడేవారికి పెద్ద ఇబ్బంది కలగలేదు. గూగుల్‌కు లాభమే కలిగింది. ఆపిల్ చేసిన పాత యాప్‌లో ప్రకటనలు వచ్చేవి కావు, కొత్తదానిలో వచ్చాయి. ఐఫోన్ వాడేవాళ్లు లెక్కలేనంత మంది. వాళ్లను వదులుకుంటే నష్టం గూగుల్‌కే.

మైక్రోసాఫ్ట్ పరిస్థితి అలా కాదు. ఆ కంపెనీ 2010లో విండోస్ ఫోన్ తెచ్చింది. నోకియా వారి రంగురంగుల లూమియా ఫోన్లు గుర్తున్నాయా? మన పూర్వ విద్యార్థులలో కొంతమంది తొలి స్మార్ట్ ఫోన్ అదే అయి ఉంటుంది. 2013లో వచ్చిన లూమియా 520 పదివేల రూపాయల పైచిలుకుకే దొరికేది. అయినా ప్రపంచం మొత్తం మీద అమ్ముడయ్యే స్మార్ట్ ఫోన్లలో విండోస్ ఫోన్ వాటా నూటికి నాలుగు లోపే. కంప్యూటర్లలో రారాజు, ఫోన్లలో మాత్రం ఒక మూలన కూర్చున్నవాడు. అలాంటి ఫోన్‌కు గూగుల్ సొంతంగా యూట్యూబ్ యాప్ తయారు చేయలేదు. మైక్రోసాఫ్ట్ తానే తయారు చేసుకుందామంటే కిటికీ దగ్గర కావలసిన సమాచారం అందనివ్వడం లేదని ఆరోపించింది. 2011 మార్చిలో ఐరోపా కమిషన్‌కు ఫిర్యాదు కూడా చేసింది.

చివరికి 2013 మే నెలలో మైక్రోసాఫ్ట్ తెగించి విండోస్ ఫోన్ 8 కోసం ఒక యాప్ విడుదల చేసింది. చాలా బాగుందని అందరూ మెచ్చుకున్నారు. బాగుండక ఏం చేస్తుంది? అందులో ప్రకటనలు లేవు. వీడియోలను ఫోన్‌లోకి దించుకొనే బటన్ కూడా ఉంది! కొద్ది రోజులకే గూగుల్ నోటీసు పంపింది. మే 22వ తేదీ లోపల యాప్ తీసేయాలని అందులో ఉంది.

ఇక్కడ నా అభిప్రాయం చెప్తాను. మే నెల తగాదాలో న్యాయం గూగుల్ వైపే ఉంది. యూట్యూబ్‌లో వీడియో పెట్టినవారికి, అది పాట కావచ్చు, లెక్కల పాఠం కావచ్చు, వచ్చే ఆదాయంలో ఎక్కువ భాగం ప్రకటనల నుంచే. ప్రకటనలు తీసేసి, వీడియోలు దించుకోనిస్తే గూగుల్‌కే కాదు, ఆ వీడియో తయారు చేసినవారికీ గండి పడుతుంది. మైక్రోసాఫ్ట్ కూడా ఆ మాట పూర్తిగా కాదనలేదు. దించుకొనే బటన్ తీసేసింది. మే 24న రెండు కంపెనీలూ కలిసి ఒక ప్రకటన చేశాయి. ప్రకటనలతో సహా కొత్త యాప్‌ను కలిసి తయారు చేస్తామని చెప్పాయి. గొడవ సద్దుమణిగిందనే అందరూ అనుకున్నారు.

ఆగస్టు 13న కొత్త యాప్ వచ్చింది. ప్రకటనలు ఉన్నాయి, దించుకొనే సౌకర్యం లేదు. ఆగస్టు 15న గూగుల్ దాని టోకెన్ రద్దు చేసింది. మనం ఇక్కడ జెండా వందనం చేసుకుంటున్న రోజున విండోస్ ఫోన్లలో యూట్యూబ్ తెరిస్తే తప్పు వచ్చిందన్న సందేశం కనిపించింది.

గూగుల్ చెప్పిన కారణం ఏమిటంటే, యూట్యూబ్ యాప్‌ను హెచ్.టి.ఎం.ఎల్. 5 అనే పద్ధతిలోనే తయారు చేయాలి, మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్‌ను అందుకు తగినట్టు మెరుగుపరచలేదు, నిబంధనలు మీరిన యాప్‌నే మళ్లీ విడుదల చేసింది అని. హెచ్.టి.ఎం.ఎల్. అంటే వెబ్ పేజీలు రాసే భాష. అందులో రాసిన యాప్ ఏ ఫోన్ బ్రౌజర్‌లోనైనా నడుస్తుంది. వినడానికి బాగానే ఉంది. అయితే మైక్రోసాఫ్ట్ న్యాయ విభాగం అధికారి డేవిడ్ హోవార్డ్ వెంటనే బదులిచ్చారు. గూగుల్ తన ఆండ్రాయిడ్ యాప్‌ను గానీ, ఐఫోన్ యాప్‌ను గానీ ఆ పద్ధతిలో తయారు చేయలేదు కదా, మాకు మాత్రమే ఈ షరతు ఎందుకు అని అడిగారు. నాకు తెలిసినంతవరకు ఆ ప్రశ్నకు సూటిగా జవాబు రాలేదు. మన హాస్టల్‌లో ఇద్దరు పిల్లలకు స్టీలు పళ్లెంలో పెట్టి, మూడో పిల్లవాడు వస్తే "నువ్వు విస్తరాకు కుట్టుకొని రా" అన్నట్టుంది. కాబట్టి ఆగస్టు తగాదాలో నేను గూగుల్ పక్షాన నిలబడలేను.

అలాగని మైక్రోసాఫ్ట్‌ను చూసి జాలిపడవలసిన పని కూడా లేదు. ఇదే కంపెనీ కంప్యూటర్ల రంగంలో ఏం చేసింది? తన విండోస్‌లో మీడియా ప్లేయర్‌ను కలిపి అమ్మి పోటీవారిని దెబ్బతీసినందుకూ, ఇతర కంపెనీలకు అవసరమైన సాంకేతిక సమాచారం ఇవ్వనందుకూ ఐరోపా కమిషన్ 2004లో 49 కోట్ల 70 లక్షల యూరోల జరిమానా వేసింది. వీడియో ప్లేయర్ తయారు చేసే రియల్ నెట్‌వర్క్స్ అనే కంపెనీ కేసు పెడితే, 2005లో 76 కోట్ల 10 లక్షల డాలర్ల ప్యాకేజీ ఇచ్చి రాజీ చేసుకొంది. అత్త లేని కోడలు ఉత్తమురాలు అన్నట్టు, పెత్తనం చేతిలో లేనప్పుడు అందరూ న్యాయమే మాట్లాడతారు.

ఆ సంవత్సరం అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ చేతులెత్తేసింది. యాప్ పేరు, బొమ్మ అలాగే ఉంచి, నొక్కితే యూట్యూబ్ వెబ్ పేజీ తెరుచుకొనేలా మార్చింది. మెట్రోట్యూబ్, మైట్యూబ్ వంటి చిన్న తయారీదారుల యాప్‌లతో జనం సరిపెట్టుకొన్నారు. ఒక్క యూట్యూబ్ లేకపోవడం వల్లనే విండోస్ ఫోన్ పోయిందని నేను అనను. యాప్‌లు లేవని జనం కొనలేదు, జనం లేరని కంపెనీలు యాప్‌లు తయారు చేయలేదు. బావిలో నీళ్లుంటేనే చేద వేస్తారు, కానీ ఇక్కడ చేద వేస్తేనే నీళ్లూరే పరిస్థితి. విండోస్ ఫోన్ 8.1కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2017 జూలైలో ముగిసింది. 2019 డిసెంబర్ 31తో విండోస్ ఫోన్లన్నింటిలో వాట్సాప్ కూడా ఆగిపోయింది.

పెద్దల సంగతి ఏమైంది? 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు మన హైదరాబాద్‌లో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల చేతికి వచ్చాయి. పేదల పక్షపాతిగా పేరున్న ఐ.ఎ.ఎస్. అధికారి బి.ఎన్. యుగంధర్ గారి కుమారుడు ఆయన. 2015లో గూగుల్‌కు సుందర్ పిచాయ్ అధిపతి అయ్యారు. 2016 ఏప్రిల్‌లో రెండు కంపెనీలూ ప్రభుత్వ సంస్థల వద్ద ఒకదాని మీద ఒకటి పెట్టుకొన్న ఫిర్యాదులను వెనక్కు తీసుకొన్నాయి. పెద్దలు చేతులు కలుపుకొన్నారు. లూమియా కొన్నవాడికి మాత్రం యూట్యూబ్ యాప్ రాలేదు.

గూగుల్, అమెజాన్ తగాదా మరో రకం. 2015లో అమెజాన్ తన దుకాణంలో గూగుల్ వారి క్రోమ్‌కాస్ట్ అమ్మడం మానేసింది. తన ప్రైమ్ వీడియో అందులో రాదన్నది కారణం. గూగుల్ ఊరుకొంటుందా? 2017లో అమెజాన్ ఎకో షో పరికరంలో యూట్యూబ్ ఆపేసింది, 2018 జనవరి 1 నుంచి ఫైర్ టీవీలో కూడా ఆపుతానంది. ఇద్దరికీ చెరొక కిటికీ ఉంది కాబట్టి చివరికి దిగివచ్చారు. 2019 జూలైలో ఫైర్ టీవీకి యూట్యూబ్, క్రోమ్‌కాస్ట్‌కు ప్రైమ్ వీడియో వచ్చాయి.

మన ఊళ్లలో తిరిగిన జియో ఫోన్ కథ దీనికి పూర్తిగా తిరగబడినది. 1500 రూపాయల డిపాజిట్‌తో 2017లో వచ్చిన ఆ బటన్ల ఫోన్‌లో కాయ్ ఓఎస్ ఉండేది. లూమియాతో పోలిస్తే అది చాలా చిన్న యంత్రం. అయినా 2018లో దానికి యూట్యూబ్ వచ్చింది. అదే ఏడాది గూగుల్ ఆ కాయ్ ఓఎస్ కంపెనీలో 2 కోట్ల 20 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టింది. అసలు అడ్డంకి సాంకేతికత కాదని దీన్నిబట్టే అర్థమవుతుంది. లక్షలాది కొత్త ప్రేక్షకులు కనిపిస్తే కిటికీ దానంతటదే తెరుచుకొంటుంది.

ఇప్పుడు మన దేశంలో గొడవ యాప్ ఇవ్వకపోవడం గురించి కాదు, తప్పనిసరిగా అంటగట్టడం గురించి. ఆండ్రాయిడ్ టీవీలు తయారు చేసే కంపెనీలు ప్లే స్టోర్ కావాలంటే యూట్యూబ్‌తో సహా గూగుల్ యాప్‌లన్నీ ముందుగానే పెట్టి అమ్మాలన్న షరతు మీద మన కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ 20 కోట్ల 24 లక్షల రూపాయలు చెల్లించి రాజీకి వచ్చింది. మన దేశంలో అమ్మే ఆండ్రాయిడ్ టీవీలకు ప్లే స్టోర్‌ను, దానికి తోడుగా ఉండే ప్లే సర్వీసెస్‌ను రుసుము తీసుకొని విడిగా ఇస్తానని, మిగతా యాప్‌లను దానికి ముడిపెట్టనని ఒప్పుకొంది.