గీత గీస్తే సైకిల్ దారి అవుతుందా?

పోర్ట్ బ్లెయిర్ (2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం) నగరానికి అబర్డీన్ బజార్ గుండెకాయ. క్లాక్‌టవర్ చుట్టూ ఇరుకు వీధులు, వాటికి రెండు వైపులా దుకాణాలు, ఎక్కడికక్కడ కొండ వాలు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు కాబట్టి, ఈ బజారులో తెలుగు మాట వినిపించడం మామూలే. ఇలాంటి వీధిలో సైకిల్ దారి ఎలా ఉండాలి? రోడ్డు అంచున ఒక గీత గీసి, సైకిల్ బొమ్మ వేస్తే సరిపోతుందా?

సరిపోదని మన నగరాల అనుభవమే చెబుతోంది.

హైదరాబాద్ నేర్పే పాఠం

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభమైంది. వెడల్పు 4.5 మీటర్లు, పైన సౌర ఫలకల కప్పు. నిర్మాణంగా చూస్తే మెచ్చుకోదగ్గదే. కానీ అది ఎక్కువగా ఉపయోగపడేది ఉదయపు వ్యాయామానికి. సైకిలే బతుకుతెరువుగా ఉన్న వాచ్‌మన్‌కో, పేపర్ వేసే కుర్రాడికో దారి కావాల్సింది బస్తీ నుంచి బజారుకు, ఇంటి నుంచి బడికి. రద్దీ ఎక్కువగా ఉండే ఆ వీధుల్లో మాత్రం దారి దొరకదు. దొరికినా రంగు గీతే దిక్కు.

2011 జనగణన నాటికి దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిల్ ఉంది. 2022లో రోడ్డు ప్రమాదాల్లో నాలుగు వేల మందికి పైగా సైకిలిస్టులు చనిపోయారు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, సైకిల్ దారి సరదా కోసం అడుగుతున్నది కాదని అర్థమవుతుంది.

ఎక్కడ తప్పుతోంది?

మొదటిది పార్కింగ్. అడ్డుగోడ లేని సైకిల్ దారి కొద్ది రోజుల్లోనే బండ్లు నిలిపే చోటుగా, తోపుడుబండ్ల అడ్డాగా మారిపోతుంది. సైకిలిస్టు వాటిని తప్పించుకుంటూ ఒక్కసారిగా వాహనాల మధ్యలోకి రావాలి. ఇది అసలు దారే లేకపోవడం కంటే ప్రమాదకరం. ఎందుకంటే వెనక వచ్చే డ్రైవర్ అతను పక్క దారిలోనే ఉంటాడని నమ్ముతాడు.

రెండోది కూడలి. నేరుగా వెళ్లే సైకిల్‌కు ఎడమకు తిరిగే బస్సు అడ్డం వచ్చేది అక్కడే. చాలా ట్రాకులు సరిగ్గా కూడలికి కొన్ని మీటర్ల ముందే ఆగిపోతాయి. రక్షణ ఎక్కువ అవసరమైన చోటే అది మాయమవుతుంది.

మూడోది చిన్నదిగా కనిపించే పెద్ద విషయం: కాలువ మీది జాలీ. దాని సందులు చక్రం వెళ్లే దిశలోనే ఉంటే సన్నని టైరు అందులో ఇరుక్కుంటుంది. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడే పోర్ట్ బ్లెయిర్‌లో నీళ్లు నిలిస్తే ఆ సందు కంటికి కూడా కనిపించదు. జాలీని అడ్డంగా తిప్పి బిగిస్తే చాలు, పెద్ద ఖర్చేమీ కాదు.

ఇరుకు బజారుకు ఏది నప్పుతుంది?

వాలు వీధుల్లో ఒక సూత్రం పనికొస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సైకిల్ నెమ్మదిస్తుంది, కాస్త తూలుతుంది. అందుకే స్థలం తక్కువైతే ఎక్కే వైపున ప్రత్యేక దారి ఇవ్వాలి. దిగే వైపున సైకిల్ వేగం ఇతర వాహనాల వేగానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అందరితో కలిసి వెళ్లవచ్చు.

రెండు వైపులా స్థలమే లేనప్పుడు వేగం తగ్గించడమే మార్గం. నడిచేవాళ్లు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన సూచించింది. బోర్డు పెట్టినంత మాత్రాన ఇది జరగదు. స్పీడ్ బ్రేకర్లు, ఎత్తు పెంచిన జీబ్రా క్రాసింగ్‌లు, పార్కింగ్‌కు వేరే చోటు ఉండాలి. దుకాణదారులకు సరుకు దింపుకునే వేళలు కేటాయిస్తే వాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఏ సైకిల్ దారినైనా కొలవడానికి ఒక ప్రశ్న చాలు: పన్నెండేళ్ల పిల్లను ఈ దారిలో ఒంటరిగా బడికి పంపగలమా? అందుకు ‘పంపగలం’ అని తల్లిదండ్రులు చెప్పే వరకూ అది గీతే, దారి కాదు.