నోరు మూయలేని చేప

లాంప్రేకి నోరు మూయడం రాదు. మూయాలంటే దవడలుండాలి, దీనికి అవే లేవు. ఎప్పుడూ గుండ్రంగా తెరుచుకునే ఉండే నోరు, లోపల వరసలు వరసలుగా పళ్లు. అవి మన పళ్ల లాంటివి కావు. గోళ్లలో ఉండే కెరటిన్‌తో తయారైనవి. నాలుక మీదా పళ్లే. సముద్రపు లాంప్రే పెద్ద చేప కనబడితే జలగలా దాని పక్కకు అతుక్కుని, నాలుకతో చర్మాన్ని గీకి గాయం చేసి రక్తం పీలుస్తుంది. ఆ రక్తం గడ్డకట్టకుండా చూసే పదార్థం దాని లాలాజలంలోనే ఉంది.

నోరు అలా అతుక్కుపోతే ఊపిరి ఆడేదెలా? మామూలు చేపలు నోటితో నీళ్లు తీసుకుని మొప్పల గుండా వదులుతాయి. లాంప్రే తలకు ఇరువైపులా ఏడేసి రంధ్రాలుంటాయి. రక్తం తాగేటప్పుడు నీళ్లు లోపలికి వచ్చేదీ, బయటికి పోయేదీ వాటిలోంచే.

పొలుసులు లేవు, జత రెక్కలు లేవు, ఒంట్లో ఎముకన్నది లేదు, అంతా మృదులాస్థే. దవడలు లేని చేపల్లో ఈనాటికి మిగిలినవి రెండే తెగలు: లాంప్రేలు, హాగ్‌ఫిష్‌లు. హాగ్‌ఫిష్‌ను కదిలిస్తే చాలు, బకెట్టు నీళ్లను క్షణాల్లో జిగురు చేసేస్తుంది. 2017లో అమెరికాలోని ఆరెగాన్‌లో వీటిని తీసుకెళ్తున్న లారీ నుంచి సరుకు రోడ్డు మీద పడి, కార్లకు ఆ జిగురు పట్టేసింది. లాంప్రేల సంగతికొస్తే, దక్షిణాఫ్రికాలో దొరికిన 36 కోట్ల ఏళ్లనాటి శిలాజంలోనూ ఇదే గుండ్రటి నోరు. అప్పటికి డైనోసార్లు పుట్టనే లేదు. దవడల్లేని ప్రాణిని అసంపూర్ణమైనది అనడానికి నాకు మనసొప్పదు.

అయితే అమెరికా, కెనడా జాలర్లకు లాంప్రే శత్రువు. అట్లాంటిక్ నుంచి వచ్చే లాంప్రేలు ఆ రెండు దేశాల మధ్యనున్న ఈరీ సరస్సుకు ఎక్కకుండా నయాగరా జలపాతం అడ్డుగా ఉండేది. మనవాళ్లు అమెరికా వెళ్తే ఫొటో దిగకుండా తిరిగి రారే, ఆ జలపాతమే. దాన్ని తప్పించుకుని ఓడలు వెళ్లడానికి 1829లో వెల్లాండ్ కాలువ తెరిచారు. తర్వాత దాన్ని పెద్దది చేశారు. 1921లో ఈరీలో లాంప్రే కనిపించింది, 1938కల్లా సుపీరియర్ సరస్సు దాకా పాకింది. ఒక్కో లాంప్రే రక్తం తాగే ఏడాది, ఏడాదిన్నరలో 18 కిలోల దాకా చేపల్ని చంపగలదు. ఏటా సుమారు 68 లక్షల కిలోలు పడే లేక్ ట్రౌట్ చేప, 1960ల మొదటికి లక్షన్నర కిలోలకు లోపే పడింది. జాలర్లు అతిగా పట్టడమూ ఇందుకు కారణమే, తప్పంతా లాంప్రేది కాదు.

దీని బలహీనత పిల్లదశలో దొరికింది. పిల్లలు వాగుల బురదలో మూడేళ్లో, అంతకన్నా ఎక్కువో, నీళ్లలోని నలుసుల్ని వడగట్టుకుని తింటూ దాక్కుంటాయి. మిషిగన్‌లోని హామండ్ బే కేంద్రంలో వెర్నన్ యాపిల్‌గేట్ బృందం దాదాపు 6,000 రసాయనాలను పరీక్షించి టీఎఫ్ఎం అనే మందును పట్టుకుంది. ఈ విషాన్ని విరిచేసే శక్తి లాంప్రే ఒంట్లో తక్కువ, మిగతా చేపల్లో ఎక్కువ. అందుకని మోతాదు సరిగ్గా చూసి వాగులో కలిపితే లాంప్రే పిల్లలు చస్తాయి, చాలా చేపలు బతుకుతాయి. 1958లో మొదలైన ఈ పనితో లాంప్రేలు 90 శాతం దాకా తగ్గాయి.

అట్లాంటిక్ అవతల కథ వేరు. 1135లో ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ లాంప్రేలు అతిగా తినే పోయాడంటారు. గ్లాస్టర్ నగరం రాజులకు లాంప్రేలు కూరిన ‘పై’ అనే వంటకం పంపడం పాత ఆచారం. 2012లో ఎలిజబెత్ రాణి వజ్రోత్సవానికి ఆ ‘పై’ చేద్దామంటే, బ్రిటన్‌లో లాంప్రేలు రక్షిత జీవులు. చివరికి అమెరికా సరస్సుల నుంచే తెప్పించారు!

సరస్సుల్లో మాత్రం మందు కలపడం ఆపితే కుదరదు. కోవిడ్ వల్ల 2020, 2021లలో ఆ పని తగ్గింది. తర్వాతి లెక్కల్లో లాంప్రేలు మళ్లీ పెరిగాయి.