ఊర్మిళ తలుపు తీయునా?

మంచి కథ నొకదానిని చదివి ముగించిన పిదప మనస్సు దానిని విడువక అచ్చటనే తిరుగుచుండుట చదువరు లందఱకును అనుభవమే. పెండ్లితో కథ ముగిసినది సరే, ఆ పిల్ల అత్తవారింట నెట్లు మెలగెనో? అన్న వెంట తమ్ముడు అడవికి పోయెను సరే, తమ్ముని భార్య యేమైనదో? కవి చెప్పక విడిచినదానిని చదువరి తన యూహతో పూరించుకొనును. ఆ యూహ బలపడినచో పాట యగును, కథ యగును. ఒకరి కథలోని ప్రియమైన పాత్రలను దీసికొని అభిమానులు స్వయముగా అల్లు నిట్టి కథలకు నేడు లోకమున ప్రత్యేకముగ నొక పేరు పడినది. వేలకొలది జనులు వానిని వ్రాయుచున్నారు, చదువుచున్నారు, వానికొఱకు పోట్లాడుకొనుచున్నారు. పేరు క్రొత్తది గాని పని మన అవ్వలు చేసినదే.

మా రుద్రూరు వారి కీ సంగతి తెలియుటకు దూరము పోనక్కఱలేదు. చేరువనున్న బోధను పట్టణమే భారతములోని ఏకచక్రపుర మనియు, భీముడు బకాసురుని జంపిన దచ్చటనే యనియు ఇచ్చటి పెద్దలు చెప్పుదురు. వంగదేశములోని బీర్భూము వారును ఏకచక్రము తమదే యందురు. బీహారులోని ఆరా పట్టణమువారును అట్లే యందురు. ప్రియమైన కథను తమ పొలిమేరలోనికి దెచ్చుకొనవలె నని యెవరికి మాత్ర ముండదు?

కథను మార్చరాదని గట్టిగా పలుకువారు సైతము మార్పులను తెలియకయే ప్రేమించుచుందురు. సేతువు గట్టునపుడు ఇసుకలో పొరలి సాయపడిన ఉడుత కథను పిల్లలకు చెప్పని తల్లి మన యిండ్లలో గలదా? ఆ ఉడుత వాల్మీకమున లేదు. లక్ష్మణుడు గీసిన గీతయు అందు లేదు. పదుమూడవ శతాబ్దమున వెలసిన గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమున ఆ రెండును గలవు. ఇక 1957లో విజయావారు తీసిన ‘మాయాబజార్’ మాట చెప్పవలసినదే లేదు. వ్యాసభారతమున అభిమన్యుని భార్య ఉత్తర. శశిరేఖ పేరే యందు గానరాదు. పాండవుల కుటుంబకథ యనబడు ఆ చిత్రమున పాండవు లొక్కమారైనను తెరమీద గనబడరు. అయినను దానిని చూచి, ‘ఇది భారతము కాదు’ అని కోపించి లేచిపోయినవారిని నే నెఱుగను. మార్పు నవ్వించినచో మనము క్షమింతుము, ప్రశ్నించినచో క్షమింపము. అసలు తగవంతయు నిచ్చటనే యున్నదని నాకు తోచుచున్నది.

మన స్త్రీల పాటలలో ‘ఊర్మిళాదేవి నిద్ర’ యను పాట కలదు. 1955లో హైదరాబాదునందలి ఆంధ్ర సారస్వత పరిషత్తువారు కృష్ణశ్రీ గారు కూర్చిన ‘స్త్రీల రామాయణపు పాటలు’ అచ్చొత్తించిరి. దానికి చాల పూర్వమే యీ పాటలు దేశమంతట తల్లి నోటినుండి కూతురి నోటికి నడచుచుండినవి. పురుషులు వ్రాసిన కావ్యములలో యుద్ధము పెద్దది. వీనిలో ఇల్లు పెద్దది. కౌసల్య పురిటినొప్పులు, సీత వేవిళ్లు, ఆడపడుచు శాంత పెత్తనము, అత్తాకోడండ్ర మాటపట్టింపులు, ఇవియే రామాయణము. వెల్చేరు నారాయణరావు గారు 1991లో ఈ పాటలనుగూర్చి ఆంగ్లమున నొక వ్యాసము ప్రకటించి, స్త్రీలు తమదైన రామాయణమును వేఱుగా నిర్మించుకొనిరని పండితలోకమునకు చాటిరి. పాడుకొను వారికి మాత్రము ఆ సంగతి ముందే తెలియును.

వాల్మీకి ఊర్మిళకు పెండ్లి చేసి విడిచినాడు. పాటలో ఆమె పదునాలుగేండ్లు నిద్రించును; అడవిలో లక్ష్మణుడు అన్నేండ్లును మేల్కొని కావలి గాయును. ఆమె నిద్ర ఆతని మెలకువకు వెల. తిరిగి వచ్చిన లక్ష్మణుడు పడకటింటిలోనికి బోగా, నిద్రమత్తులో నున్న ఊర్మిళ ఆతని నెఱుగదు. పరపురుషు డెవడో వచ్చెనని తలచి నిలదీయును. పరస్త్రీని గోరి ఇంద్రుడేమాయెనో, రావణుడేమాయెనో చెప్పి బెదరించును. లక్ష్మణుడు తానెవడో విన్నవించుకొనిన పిమ్మటనే యామెకు కలత తీరును. దీనికి జంటగా ‘లక్ష్మణదేవర నవ్వు’ అను పాట కలదు. పట్టాభిషేక సభలో నిద్రాదేవి గడువు తీఱినదని వచ్చి నిలువగా లక్ష్మణుడు ఫక్కున నవ్వును. సభలోని వా రందఱును, శివుడు మొదలుకొని సుగ్రీవ విభీషణుల వఱకు, తమ తమ లోపములను తలచుకొని ఆతడు తమ్మునే నవ్వెనని తలలు వంచుకొందురు. ఇంత మంచి పరిహాసము కావ్యములలో నెన్నిట నున్నది?

ఈ ఊర్మిళనే గైకొని ఓల్గా గారు ‘విముక్త’ యను కథ వ్రాసిరి. ఆ పేరితోడనే 2010లో వెలువడిన సంపుటమునకు 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము లభించినది. అందు సీత అడవిలో శూర్పణఖను, అహల్యను, రేణుకను కలిసికొనును. వారి వలన దనకు దెలియని సంగతులు దెలిసికొనును. ఈ కథలో ఊర్మిళ నిద్రింపలేదు. తన్నడుగక భర్త వెడలిపోయినందుకు తలుపు మూసికొని యుండి, కోపమును సత్యాన్వేషణముగా మార్చుకొనును. లోకము దానిని నిద్ర యనుకొనినది. హిందీలో మైథిలీశరణ్ గుప్త గారును ‘సాకేత్’ కావ్యమున ఊర్మిళకు బెద్దపీట వేసిరి; అందామె మేల్కొనియే విరహమున వేగును. ఒక్క యూర్మిళ మూడుచోట్ల మూడు తీరులుగా నున్నది. వీరిలో నిజమైన ఊర్మిళ యెవరని యడుగుట నవ్వులాటకు మాత్రమే చెల్లును.

మా యూరి స్త్రీలము కొందఱము కూడి పుస్తకములు చదువుకొనుచుందుము. కలిసికొనుటకు తీరిక చిక్కనపుడు ఫోనులలోనే యభిప్రాయములు వ్రాసికొందుము. ‘విముక్త’ చదివిన పిదప మాలో వయసున చిన్నదగు నొక సోదరి తానును ఊర్మిళకథ నొకదానిని వ్రాసి పంపినది. అందు లక్ష్మణుడు వచ్చి తలుపు తట్టును. ఊర్మిళ లోపల మేల్కొనియే యుండును, ఆతని గొంతును గుర్తించును, అయినను ఆ రాత్రి తలుపు తీయదు. తెల్లవాఱువఱకు అరుగు మీదనే కూర్చుండి, తన్నడుగక యేల పోయితివో చెప్పుమనును.

చదివినవారిలో సగము మంది మెచ్చిరి. ఒక పెద్దామె మాత్రము మిక్కిలి నొచ్చుకొన్నది. ఆమెకు ‘ఊర్మిళాదేవి నిద్ర’ కంఠస్థము. ఆ పాట వినుచునే ఆమె పెఱిగినది. పాడుచునే బిడ్డలను నిద్రపుచ్చినది. ‘ఇల్లు చేరినవానికి తలుపు తీయని యిల్లా లున్నదా?’ అని యొక్కమాట వ్రాసి, యా పైన నెలకు పైగా పలుకక యూరకున్నది.

పై చూపునకు ఇది రామాయణముపై వచ్చిన తగవు. లోన వేఱొక సంగతి యున్నది. నిజామాబాదు జిల్లాలో ఎన్ని యిండ్ల మగవారు గల్ఫు దేశములకు పోయినారో ఇచ్చటివారికి చెప్పనక్కఱలేదు. ఆ పెద్దామె భర్త చాల యేండ్ల క్రిందటనే దుబాయి పోయి, అచ్చట సంపాదించి యిల్లు నిలిపినవాడు. మొదటి సెలవునకు వచ్చినపుడు కడగొట్టు బిడ్డ తండ్రిని గుర్తింపక ఏడ్చి తల్లి కొంగు పట్టుకొన్నదట. పాటలో ఊర్మిళ భర్త నెఱుగకుండుట ఆమెకు కల్పన కాదు. తన యింట జరిగినదే. అట్టి రాత్రి తలుపు తీయకుండుట యామె కూహకైనను రాదు.

కథ వ్రాసిన సోదరి భర్తయు గల్ఫులోనే యున్నాడు. రెండేండ్ల కొకసారి వచ్చును. ఆమె మాట వేఱు. ‘నేను ఒక్క దినమైనను నిద్రింపలేదే! బఱ్ఱెను నేనే పిదుకవలె, వరికోతకు మనుషులను నేనే పిలువవలె, బ్యాంకు అప్పు నేనే కట్టవలె, మామగారిని ఆసుపత్రికి నేనే తీసికొనిపోవలె. పదునాలుగేండ్లు ఊర్మిళ యేమి చేసినదని యెవరును అడుగకుండుటకే పాట ఆమెను నిద్రపుచ్చినది’ అని యామె వాదము. ఈ మాట చదివినప్పుడు మాలో చాలమందికి నోట మాట రాలేదు.

ఇందు నా యభిప్రాయమును దాచను. చిన్నామె ప్రశ్న సత్యమైనది. కథలో మాత్రము లోపమున్నది. అరుగు మీద గూర్చున్న లక్ష్మణునిచేత ఆమె ఒక్క మంచి మాటయైన పలికింపలేదు. నిందింపబడుటకే నిలువబెట్టిన పాత్రకు ప్రాణముండదు. పదునాలుగేండ్లు ఎండవానలలో నున్నవానికిని చెప్పుకొనుట కేదో యుండును. ఎడారిలో ఇటుకలు మోయువానికిని ఉండును. ఇక పెద్దామె పాటను నే నామెకంటె కొంచెము వేఱుగా వినుచున్నాను. భర్తను పట్టుకొని యనరాని మాటలను పాటలోని ఊర్మిళ పరపురుషు డనుకొని యనుచున్నది. ఆమె యెఱుకలేక యన్నదని మన మనుకొందుము. ఆ పాట కట్టిన తల్లులు అంత యమాయకులని నేను నమ్మను. ఆ లెక్కన తలుపు తీయని ఊర్మిళకును, నిద్రమత్తులో తిట్టిన ఊర్మిళకును మన మనుకొన్నంత దూరము లేదు.

ఇట్టి తగవులు తెలుగువారికి క్రొత్త కావు. విశ్వనాథ సత్యనారాయణ గారి ‘రామాయణ కల్పవృక్షము’ను తలచి 1970వ సంవత్సరపు జ్ఞానపీఠము వారికి సమర్పింపబడినది, నాలుగేండ్లు తిరుగక మునుపే రంగనాయకమ్మ గారి ‘రామాయణ విషవృక్షము’ వెలువడనారంభించినది. ఒకే యింట అత్త యొకదానిని, కోడలు మఱొకదానిని చదివిన కాలమది. అయితే విషవృక్షమును ఓల్గా కథలను ఒక్క గంపలో వేయువారు పొరబడుచున్నారు. మొదటిది మూలముతో యుద్ధము చేయుచున్నది. రెండవది మూలములోని మనుష్యులతో మాటలాడుచున్నది. యుద్ధము చేయుటకు హక్కు లేదని నే ననను. చదువబోవుచున్నది యుద్ధమో సంభాషణయో తెలిసి చదివినచో సగము మనస్తాపము తప్పును.

అంతకు ముందటి కథ మఱింత కఠినమైనది. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి ఆస్థానమందు ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ వ్రాసెను. తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి పెండ్లిచేసి, యా పిమ్మట ఓర్వలేక కుమిలిన రాధ కథ యది. బెంగుళూరు నాగరత్నమ్మ గారు దానిని పరిష్కరించి 1910లో అచ్చువేయింపగా, మరుసటి యేడే ప్రభుత్వమువారు అశ్లీలమని నిషేధించిరి. ఆ నిషేధము తొలగుటకు 1947 రావలసివచ్చినది. పురుషకవులు అంతకు మించిన శృంగారము వ్రాసినను ఎవరికిని అభ్యంతరము లేకపోయినదని నాగరత్నమ్మ గారు అప్పుడే యడిగిరి. ఆ ప్రశ్నకు సరియైన జవాబు నాకింకను కనబడలేదు.

మఱొక సంగతి. రామాయణ భారతములు ఎల్లవారి సొత్తు. వానిపై నెవరైనను వ్రాయవచ్చును. ఈ కాలపు రచయితల పాత్రల విషయ మట్లు గాదు. యద్దనపూడి సులోచనారాణి గారి ‘సెక్రటరీ’లోని రాజశేఖరమును, జయంతిని తలచుకొని పెండ్లి తరువాతి కథ వ్రాయవలెనని కోరిక గల చదువరులు మాలోనే యున్నారు. మన దేశపు చట్టము ననుసరించి గ్రంథహక్కు రచయిత మరణించిన పిదప అఱువది యేండ్లు నిలుచును. ఆమె 2018లో స్వర్గస్థురాలైనది కనుక 2078 చివరివఱకు ఆ హక్కు వారసులదే. ఇంటిలో చెలులకు చదివి వినిపించుకొనుట వేఱు, అచ్చువేసి అమ్ముకొనుట వేఱు. అనుమతి కోరుట మర్యాద, క్షేమము కూడ. ఇంగ్లండులో కానన్ డాయిలు 1893లో తన షెర్లాక్ హోమ్సును చంపివైచినపుడు చదువరులు పత్రిక చందాలు మానుకొని అలిగిరి. పది యేండ్లకు ఆతడు హోమ్సును మఱల బ్రతికింపక తప్పినది కాదు. అభిమానము రచయితనే లొంగదీసిన సంద ర్భములు నున్నవి.

మా గోష్ఠిలో ఇప్పు డొక కట్టుబాటు చేసికొన్నాము. ఎవరైనను క్రొత్తకథ తెచ్చినచో ముందుగా పాతది సాంతముగా చదువవలెను, లేక పాడవలెను. కథ వ్రాసినవారు అందఱును మాటలాడిన పిమ్మటనే బదులు చెప్పవలెను. నచ్చనివారు నచ్చలేదని చెప్పి, ఏ చోట నచ్చలేదో వ్రేలు పెట్టి చూపవలెను. వ్రాసినవారి యింటి సంగతులెత్తరాదు.

ఆ పెద్దామె చిన్నామె కథను మరల చదువనని యిప్పటికిని చెప్పుచున్నది. మొన్న మాత్రము ‘ఊర్మిళాదేవి నిద్ర’ను మొదటినుండి చివరివఱకు తన గొంతుతోనే పాడి, ఫోనులో పట్టి మా కందఱకును పంపినది. అచ్చు పుస్తకము ముందు పెట్టుకొని విన్నాము. నడుమ నాలుగు చరణములు అందు లేనివి యున్నవి. ఎవరు కట్టినవో ఆమె చెప్పలేదు. మేమును ఇంకను అడుగలేదు.