బంద్ రోజు బస్సు ఆపేది ఎవరు? సమ్మెకి ముందు ప్రభుత్వం వేసే ప్లాన్ ఇదీ

పోయిన ఎపిసోడ్‌లో లేబర్ కోడ్‌ల గురించి మాట్లాడుకున్నాం కదా. అది చూసి ఆత్మకూరు తమ్ముడు ఒకతను మెసేజ్ పెట్టాడు. "అన్నా, దేశం మొత్తం సమ్మె అంటారు. మా ఊళ్ళో ఆ రోజు బస్సు ఉంటుందో లేదో పొద్దున డిపో కాడికి పోతే గానీ తెలీదు. అసలు అది డిసైడ్ చేసేది ఎవురు?"

ప్రశ్న చిన్నదే. కానీ దాన్ని పట్టుకుని లాగితే కలెక్టర్ ఆఫీసు దాకా, అక్కడి నుంచి హైకోర్టు దాకా పోతుంది. ఈరోజు అదే చూద్దాం.

ముందు మన ఏరియా సంగతి. ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి అరవైకి కాస్త తక్కువ. ఈరోజుకీ రైలెక్కాలంటే నెల్లూరుకో కావలికో పోవాల్సిందే. రెండు ఊళ్ళలోనూ ఆర్టీసీ డిపోలు ఉన్నాయి, మనకి ఉన్న దారి అదే. హైదరాబాద్‌లో బంద్ అంటే మెట్రో ఉంటుంది, బైక్ ట్యాక్సీ ఉంటుంది. సీతారామపురం నుంచి నెల్లూరులో డాక్టర్‌కి చూపించుకోవాల్సిన పెద్దాయనకి బస్సు లేకపోతే ఆ రోజు పోయినట్టే. అదే రోజు, అదే బస్టాండ్ ముందు, జీతం పెంచమని జెండా పట్టుకుని నిలబడే అంగన్‌వాడీ అక్క కూడా మన ఊరి మనిషే. ప్రభుత్వం వేసే ప్లాన్ ఈ ఇద్దరి మీదా పనిచేస్తుంది. ఈ ఎపిసోడ్ అంతా ఈ ఇద్దర్నీ గుర్తుపెట్టుకుని వినండి.

2025 జులై 9 సార్వత్రిక సమ్మెనే తీసుకుందాం. పది కేంద్ర కార్మిక సంఘాలు కలిసి పిలుపిచ్చాయి. నాలుగు లేబర్ కోడ్‌లు రద్దు చేయాలనేది పెద్ద డిమాండ్. మన రాష్ట్రంలో దానికి తోడు, రోజుకి గరిష్ఠ పని గంటల్ని 9 నుంచి 10కి పెంచుతూ ఆ జూన్‌లో కేబినెట్ తీసుకున్న నిర్ణయం మీద కోపం కూడా ఉంది. మొదట మే 20న అనుకున్నారు, దేశంలో ఉన్న పరిస్థితి చూసి జులై 9కి మార్చారు. అంటే సమ్మె అనేది ఉన్నట్టుండి ఊడిపడేది కాదు. తేదీ ముందే అందరికీ తెలుసు. సంఘాలకి తెలుసు, ఎస్పీ ఆఫీసుకీ తెలుసు.

తేదీ ముందే తెలిస్తే ప్రభుత్వాలు ఏం చేస్తాయో చూడాలంటే వందేళ్ళు వెనక్కి, బ్రిటన్‌కి పోవాలి. 1925 జులైలో బొగ్గు గని కార్మికులు సమ్మెకి సిద్ధమైతే, అక్కడి ప్రభుత్వం గనుల యజమానులకి తొమ్మిది నెలల సబ్సిడీ ఇచ్చి గొడవని వాయిదా వేసింది. కార్మికులు గెలిచామనుకున్నారు. ఆ తొమ్మిది నెలల్లో ప్రభుత్వం దేశాన్ని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కోదానికి ఒక్కో కమిషనర్‌ని అనుకుంది, లారీలు, ఆహారం, వాలంటీర్ల లెక్కలు సిద్ధం చేసింది. 1926 మే 3 అర్ధరాత్రి సమ్మె మొదలైంది, మే 12కి సంఘాల పెద్దలు విరమించారు. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి రన్‌బుక్ అంటే తెలుసు కదా, సర్వర్ పడిపోతే ఎవరు ఏ బటన్ నొక్కాలో ముందే రాసి పెట్టుకునే కాగితం. అదే ఇది.

మన దగ్గర 1974 రైల్వే సమ్మె ఉంది. మే 8న మొదలవ్వాల్సిన సమ్మెకి, నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ని మే 2నే అరెస్ట్ చేశారు. సమ్మె మొదలయ్యేలోపే వేల మంది లోపల ఉన్నారు. మే 27కి సమ్మె ఆగిపోయింది.

ఇప్పుడు మన జిల్లాకొద్దాం. సమ్మెకి కొన్ని రోజుల ముందు మొదటి పని లెక్కలు. ఏ సంఘం, ఎంతమంది వస్తారు, ఏ సెంటర్లో కూర్చుంటారు, ఏ పార్టీ మద్దతు. ఇది స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుళ్ళు చేసే పని, యూనిఫాం లేకుండా టీ కొట్టు దగ్గర నిలబడి వినే మనుషులు. వాటిని బట్టి ఎస్పీ బందోబస్తు వేస్తారు. రెండో పని ఆగకూడని వాటి జాబితా. ఆసుపత్రి, 108, పాలు, తాగునీళ్ళు, కరెంటు, పరీక్షలేమైనా ఉంటే అవి. మూడోది ఆర్టీసీ.

ఆర్టీసీ దగ్గర చాలామందికి ఉన్న అపోహ ఏందంటే, బస్సు రాలేదు అంటే డ్రైవర్లు సమ్మెలో ఉన్నారని. 2020 జనవరి 1 నుంచి ఆంధ్రాలో ఆర్టీసీ వాళ్ళు ప్రభుత్వ ఉద్యోగులు. బంద్ రోజు డ్రైవర్ సాధారణంగా డ్యూటీకి వచ్చే ఉంటాడు, బస్సే డిపోలో ఉంటుంది. "పోలీసుల సూచన మేరకు బస్సులు డిపోలకే పరిమితం" అని మరుసటి రోజు పేపర్లో వస్తుందే, ఆ వాక్యంలోనే జవాబు ఉంది. అద్దాలు పగుల్తాయనుకుంటే ఆపుతారు, గొడవ సద్దుమణిగితే వదుల్తారు. కొన్నిసార్లు నిర్ణయం ఇంకా పైనుంచి వస్తుంది. 2021 సెప్టెంబర్ 27న రైతు సంఘాల భారత్ బంద్‌కి రాష్ట్ర ప్రభుత్వమే మద్దతిచ్చింది, మధ్యాహ్నం దాకా బస్సులు తిప్పమని ముందే చెప్పేసింది. ఆ రోజు బస్సు ఆపింది ఆందోళనకారులు కాదు, సర్కారే. కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి జవాబు: కొన్నిసార్లు అమరావతి, ఎక్కువసార్లు మీ డిపో మేనేజర్, మీ సీఐ ఇద్దరి మధ్య జరిగే ఒక ఫోన్ కాల్.

ఆ బస్సు మీద రాయేసే వీరుడికి కూడా ఒక మాట. 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టంలో ప్రజా రవాణా వాహనానికి నష్టం చేస్తే శిక్ష కనీసం 6 నెలలు, గరిష్ఠంగా 5 ఏళ్ళు. అందరి జేబులో కెమెరా ఉన్న రోజులివి.

సరే, ఇప్పుడు అసలు విషయం. చట్టంలో రెండు ఆయుధాలు ఉన్నాయి. మన వాట్సాప్ గ్రూపుల్లో రెండిటినీ కలిపి "144 పెట్టారంట" అనేస్తారు.

మొదటిది సెక్షన్ 30, పోలీసు చట్టం, 1861. అవును, సిపాయిల తిరుగుబాటు అయిన నాలుగేళ్ళకి తెల్లోళ్ళు రాసుకున్న చట్టం. "సబ్‌డివిజన్ పరిధిలో నెలరోజులు సెక్షన్ 30 అమలు" అని జిల్లా పేజీలో చిన్న వార్త చూసే ఉంటారు. దాని అర్థం ఊరేగింపు, సభ పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోమని, ఏ దారిన పోవాలో మేం చెప్తామని. అంతే. ఇది రేట్ లిమిటర్ లాంటిది. ట్రాఫిక్‌ని క్రమంలో పెడుతుంది, మొత్తం మూసేయదు. వీధిలో సభ పెట్టుకునే హక్కుని నియంత్రించొచ్చు గానీ ఇష్టమొచ్చినట్టు నిషేధించకూడదని సుప్రీంకోర్టు 1972లోనే, అహ్మదాబాద్ హిమ్మత్‌లాల్ షా కేసులో చెప్పింది.

రెండోది పాత 144. 2024 జులై 1 నుంచి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో సెక్షన్ 163. ఇది ఫైర్‌వాల్. గుంపులు వద్దు అంటే వద్దు. కానీ నెల్లూరు కమిషనరేట్ కాదు కాబట్టి ఇక్కడ దీన్ని ఎస్ఐ గారు నోటితో పెట్టలేరు. కలెక్టరో, ఆర్డీవోనో, అధికారం ఉన్న మరో ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటో రాతపూర్వకంగా, కారణాలు రాసి ఇవ్వాలి. రెండు నెలలకి మించి ఉండదు, పొడిగించాలంటే రాష్ట్ర ప్రభుత్వం చేయాలి, అదీ ఆరు నెలల వరకే. ఆర్డర్ వల్ల ఇబ్బంది పడ్డవాళ్ళు దాన్ని మార్చమని ఆ మేజిస్ట్రేట్‌నే అడగొచ్చు. 2020 జనవరిలో అనూరాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది: ఆర్డర్‌ని జనానికి తెలిసేలా బయట పెట్టాలి, న్యాయమైన నిరసనని అణచడానికి వాడకూడదు.

పోలీసు ప్లాన్ అనగానే "అణచివేత" అనే వాళ్ళున్నారు. నేను అంత తేలిగ్గా అనలేను. 2022 డిసెంబర్ 28న కందుకూరులో చంద్రబాబు నాయుడు రోడ్‌షోలో తొక్కిసలాట జరిగి 8 మంది చనిపోయారు. అదే ఏడాది జిల్లాల పునర్విభజనలో మన నెల్లూరులో కలిసిన కందుకూరు. ఇరుకు రోడ్డు, పక్కన కాలువ, లెక్కకి మించిన జనం. నాలుగు రోజుల తర్వాత గుంటూరులో మరో ముగ్గురు. జనం గుమిగూడే చోట ప్లాన్ లేకపోతే చచ్చిపోయేది ఆ జనమే.

అయితే దానికి ప్రభుత్వం చేసిందేంటి? 2023 జనవరి 2న జీవో నంబర్ 1 తెచ్చింది. సెక్షన్ 30ని ఆధారం చేసుకుని, హైవేల నుంచి పంచాయతీ రోడ్ల దాకా సభలు దాదాపు వద్దనేసింది. అంటే రేట్ లిమిటర్‌ని ఫైర్‌వాల్ లాగా వాడబోయింది. 2023 మే 12న హైకోర్టు దాన్ని కొట్టేసింది, ప్రాథమిక హక్కులకి విరుద్ధమని. మన ఊళ్ళల్లో సభకి వేరే మైదానాలు ఎన్నుంటాయి చెప్పండి, ఉండేదే బస్టాండ్ సెంటర్. రోడ్డు మీద వద్దంటే అసలు వద్దన్నట్టే.

ఇక కాగితం మీద కనపడని మూడో ఆయుధం. తెల్లవారుజామున తలుపు తట్టడం. "సార్ రమ్మంటున్నారు", "ఈరోజు ఇంట్లోనే ఉండండి". దీన్నే హౌస్ అరెస్ట్ అంటాం. ముందస్తుగా ఇలా ఇంట్లో కూర్చోబెట్టే సెక్షన్ మామూలు చట్టంలో ఎక్కడా లేదు. నేరం జరగబోతుందంటే ఆపడానికి సెక్షన్ 168 ఉంది, నోటీసులు దాని పేరు మీద ఇస్తారు, పాత నంబర్ 149. నేరం చేయబోతున్నాడని తెలిసి, వేరే మార్గం లేదనుకుంటే అరెస్ట్ చేయడానికి సెక్షన్ 170 ఉంది, దానికి 24 గంటల పరిమితి. ఇంటి ముందు కానిస్టేబుల్‌ని కూర్చోబెట్టడం ఈ రెండిటిలోనూ లేదు. అన్ని పార్టీల ప్రభుత్వాలూ చేశాయి, అందుకే ఎవరూ గట్టిగా అడగరు.

అది పనిచేస్తుందా అంటే, 2022 ఫిబ్రవరి 3 చూడండి. పీఆర్సీ మీద ఉద్యోగుల చలో విజయవాడ. అనుమతి లేదన్నారు, కోవిడ్ నిబంధనలన్నారు, జిల్లాల్లో టీచర్ల ఇళ్ళకి నోటీసులు పోయాయి, రోడ్ల మీద బస్సులాపి చెక్ చేశారు. అయినా వేల మంది విజయవాడ బీఆర్టీఎస్ రోడ్డు మీద తేలారు. మారువేషాల్లో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. రెండు మూడు రోజుల్లో ప్రభుత్వం చర్చలకి కూర్చుంది, ఫిబ్రవరి 7 నుంచి జరగాల్సిన సమ్మె ఆగింది. నోటీసులకి ఆగని సమ్మె చర్చలకి ఆగింది.

ఎస్మా కథ కూడా అంతే. 1971 చట్టం, అత్యవసర సేవల్లో సమ్మెని నిషేధించేది. 2023 డిసెంబర్ 12న అంగన్‌వాడీ కార్యకర్తలు సమ్మె మొదలుపెట్టారు. 2024 జనవరి 6న ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా పెట్టింది, ఆరు నెలలు సమ్మె నిషేధమని. అంగన్‌వాడీలో పిల్లలకి పెట్టే గుడ్డు, పాలు అత్యవసర సేవే, నేను ఒప్పుకుంటా. మరి అంత అత్యవసరమైన పని చేసే మనిషికి అప్పటి వేతనం నెలకి 11,500. అదే వాళ్ళ ప్రశ్న. ఎస్మా పెట్టాక కూడా రెండు వారాలు నడిచి, 42 రోజుల తర్వాత చర్చలతోనే ముగిసింది.

మీ ఫోన్ గురించి కూడా చెప్పాలి, లేకపోతే ఊరుకోరు. 2022 మేలో అమలాపురం గొడవల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు, గుర్తుంది కదా. ఇప్పుడు దానికి 2024 నిబంధనలు ఉన్నాయి. ఆర్డర్ రాతపూర్వకంగా ఉండాలి, బయట పెట్టాలి, ఒక ఆర్డర్ 15 రోజులకి మించకూడదు. మామూలు సమ్మె రోజు మన సెల్ టవర్‌కి ఏమీ కాదు. "రేపు నెట్ బంద్" అని ఫార్వర్డ్ వస్తే ఆర్డర్ కాపీ అడగండి, నోరు మూతపడుద్ది.

నాకు ఈ మొత్తంలో చిరాకు తెప్పించేది ఒకటుంది. ఎవర్ని ఆపాలి అనే సగం ప్లాన్ ఎంత పక్కాగా ఉంటుందో, ఎవర్ని చేర్చాలి అనే సగం అంత గాలికి ఉంటుంది. బుక్ చేసిన టికెట్‌కి మెసేజ్ పంపగల ఆర్టీసీ, ముందు రోజు సాయంత్రం "ఉదయగిరి డిపో, పొద్దున 10 దాకా సర్వీసులు అనుమానం" అని ఒక లైన్ పెట్టలేదా? ఇదేం పెద్ద ఇంజినీరింగ్ కాదు. పరిస్థితి చూసి చెప్తాం అంటారు, నిజమే, పొద్దున మారొచ్చు. మారితే ఇంకో లైన్ పెట్టండి. సీతారామపురం పెద్దాయన నెల్లూరు ప్రయాణం ముందు రోజుకి మార్చుకుంటాడు.

అప్పటిదాకా మీరు చేయగలిగింది: ముందు రోజు రాత్రి డిపో ఎంక్వైరీకి ఫోన్ చేయండి, పొద్దున మళ్ళీ చేయండి. ఆసుపత్రి పని అయితే 108 ఆ రోజు కూడా తిరుగుతుంది. మీరు నిరసనకి పోయేవాళ్ళైతే, అనుమతి కోసం పెట్టిన దరఖాస్తుకి స్టాంపు వేయించుకుని ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. ఎవరైనా "163 ఉంది" అంటే నంబర్, తేదీ, ఎవరు సంతకం పెట్టారు అని మర్యాదగా అడగండి.

ఇంకొకటి మిగిలింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, ఏ పరిశ్రమలోనైనా సమ్మెకి కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇంతకుముందు ఇది నీళ్ళు, రవాణా లాంటి ప్రజోపయోగ సేవలకే ఉండేది. సంఘాలు దీన్ని హక్కు మీద దెబ్బ అంటున్నాయి, ప్రభుత్వం చర్చలకి సమయం అంటోంది. బ్రిటన్ వాళ్ళకి తొమ్మిది నెలలు దొరికాయి, ఇక్కడ రెండు వారాలు. అదే కోడ్‌లో సగం మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ ఒకేసారి క్యాజువల్ లీవ్ పెడితే దాన్ని కూడా సమ్మె కిందే లెక్కేస్తారు. అది మీ ఐటీ ఆఫీసుకి వర్తిస్తుందా అనేది వచ్చే ఎపిసోడ్. ఉంటా మరి.