అద్దాల పడవ కింద పచ్చని పాచి

నేల అడుగున నది పారుతోందంటే మనకు చప్పున అంతర్వాహిని సరస్వతి జ్ఞాపకం వస్తుంది. అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రంలో ఆ మాట పురాణం కాదు, భూగోళం. అక్కడి నేల కింద వున్నది సున్నపురాయి. వేల యేళ్ళుగా వాననీరు దాన్ని తొలిచి, తొర్రలు చేసి, గుహలు చేసి, ఒక పెద్ద జల్లెడలా తయారు చేసింది. పైన పడిన వాన ఆ జల్లెడలోకి దిగి, ఎక్కడో మైళ్ళ దూరాన ఊటగా పైకి లేస్తుంది. అలాంటి ఊటలు ఆ ఒక్క రాష్ట్రంలోనే వెయ్యికి పైగా వున్నాయి. ఊట అంటే ఏటి ఇసుకలో తీసే చెలమ అనుకునేరు! పెద్దవాటిలో ఒక్కొక్కటి సెకనుకు 100 ఘనపుటడుగులకు మించి నీరు కక్కుతుంది. ఒక్కొక్క ఊటే ఒక్కొక్క నదికి తల్లి.

ఈ నీటి అందం చూపించే జనం బ్రతికారు. సిల్వర్ స్ప్రింగ్స్ అనే చోట 1870ల నాటికే అడుగున అద్దం బిగించిన పడవలు తిరిగాయి. పడవలో కూర్చుని కిందికి చూస్తే ఇసుక రేణువూ, చేప రెక్కా లెక్కపెట్టుకోవచ్చునట. టాలహసీ నగరానికి దక్షిణాన వున్న వకల్లా ఊటలో టార్జాన్ చిత్రాలు తీశారు. 1954లో వచ్చిన ‘క్రీచర్ ఫ్రం ది బ్లాక్ లగూన్’ చిత్రంలో ఆ వింత జంతువు ఈదింది కూడా వకల్లా నీళ్ళలోనే. నీటి అడుగున కెమేరా పెట్టి తీయాలంటే అంత తేటనీరు మరి వేరే ఎక్కడ దొరుకుతుంది? అదే ఊటలోంచి 1930లో మాస్టొడాన్ అనే, ఏనుగును పోలిన ప్రాచీన జంతువు అస్థిపంజరాన్ని పైకి తీశారు. దాన్ని టాలహసీ మ్యూజియంలో చూడవచ్చు.

నేను వకల్లాకు వెళ్ళిన రోజున అద్దాల పడవ ఒడ్డున కట్టివేసి వుంది. మామూలు పడవ ఎక్కి మొసళ్ళనూ, కొంగలనూ చూసి వచ్చాను. నీరు ముదురు తేనీరు రంగులో వుంది. ఇక్కడొక సంగతి న్యాయంగా చెప్పాలి. ఆ ఎరుపు అంతా మురుగు కాదు. వానలకు అడవి ఆకులు నాని దిగిన కషాయం అందులో చాలా భాగం. అయితే నీటి అడుగున ఇసుకనూ, పాత గడ్డినీ కప్పేసిన పాచికి మాత్రం కారణం వేరే. ఆ కారణం పేరు నైట్రేటు.

నైట్రేటు అంటే పైరు తినే నత్రజని. పొలానికి చల్లిన ఎరువు, ఇంటి ముందు పచ్చికకు వేసిన ఎరువు, పశువుల పేడ, సెప్టిక్ ట్యాంకులోంచి ఇంకిన నీరు, అన్నిటిలోనూ వున్నది అదే. గట్టి బంకమట్టి నేలైతే కొంతవరకు ఆపుతుంది. ఇసుకా, సున్నపురాయీ ఏం ఆపుతాయి? మనిషి చెయ్యి పడక మునుపు ఈ ఊటల్లో లీటరుకు 0.05 మిల్లీగ్రాముల నత్రజని వుండేదని అంచనా. సిల్వర్ స్ప్రింగ్స్‌లో ఇప్పుడది ఒక మిల్లీగ్రామును మించింది. అంటే ఇరవై రెట్ల పైమాట.

నన్ను కారులో తిప్పినవాడు మా మేనల్లుడు. టాలహసీ శివార్లలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు పచ్చిక, వెనక సెప్టిక్ ట్యాంకు. ఈ లెక్కలు విని నవ్వాడు.

“మామయ్యా, తాగే నీళ్ళలో పది మిల్లీగ్రాముల దాకా వుండవచ్చునని సర్కారే చెబుతోంది. మనం తాగగా లేనిది చేపలకు వచ్చిందా?”

చదువుకున్నవాడి ప్రశ్నే. జవాబు కూడా అందులోనే వుంది. పది అనేది పసిపిల్లల రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్ళు నీలంగా మారకుండా పెట్టిన హద్దు. మన దేశంలో 45 అంటారు. నైట్రేటు మొత్తాన్ని తూచి చెప్పే లెక్క అది, నత్రజని లెక్కలోకి మారిస్తే అదీ ఇంచుమించు పదే. కాని పాచికి పది అక్కర్లేదు, చిటికెడు చాలు. అందుకే ఊటలకు ఆ రాష్ట్రం పెట్టిన హద్దు 0.35. మనకు అమృతం లాంటి నీరు ఊటకు విషం కావచ్చునన్న మాట. (అన్నట్టు, వకల్లాను కమ్మిన కలుపు తీగ హైడ్రిల్లా మన చెరువుల్లోదే. 1950ల తొలినాళ్ళలో సింహళం నుంచి చేపల తొట్ల అలంకారానికి పట్టుకుపోయారు. ఇప్పుడు వదిలించుకోలేక ఏడుస్తున్నారు.)

వకల్లాకు నత్రజని ఎక్కడిది? ఇది అపరాధ పరిశోధన నవలలా నడిచింది. టాలహసీ నగరం తన మురుగును కొంత శుద్ధిచేసి, దక్షిణాన విశాలమైన పొలాల మీద చిమ్మేది. గడ్డీ గాదమూ పీల్చుకుంటుందని ధీమా. పొలాలకూ ఊటకూ మధ్య దూరం సుమారు పది మైళ్ళు. సంబంధం లేదని వాదించడానికి ఆ దూరం సరిపోతుంది కదా! భూగర్భ శాస్త్రజ్ఞులు ఆ పొలాల దగ్గర నేలలోకి హానిలేని రంగు వదిలారు. ఆ రంగు వకల్లాలో తేలింది. ఇక ఎవరు కాదనగలరు? పర్మిటు మీద అభ్యంతరాలు, పేచీ, చివరకు రాజీ అయ్యాయి. నగరం 20 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టి శుద్ధికేంద్రాన్ని మార్చింది. బయటికి వదిలే నీటిలో నత్రజనిని లీటరుకు 3 మిల్లీగ్రాములకు దించింది. ఊటలో నైట్రేటు దిగివచ్చింది. పూర్వపు తేటదనం మాత్రం ఇంకా రాలేదు.

నాకు తోచినదేమిటంటే, ఇక్కడ చట్టం పని చేయడానికి కారణం దొంగ ఒక్కడే కావడం, వాడి అడుగుజాడ రంగులో కనిపించడం. మిగతా చోట్ల దొంగలు లక్షమంది. పైగా అందరూ పెద్దమనుషులే.

2010లో రాష్ట్ర శాసనసభ సెప్టిక్ ట్యాంకులన్నిటినీ అయిదేళ్ళకొకసారి తనిఖీ చేయించాలని చట్టం చేసింది. ఖర్చు ఎవరు పెట్టుకుంటారని ఇళ్ళవాళ్ళు గగ్గోలు పెట్టారు. 2012లో అదే సభ ఆ నిబంధనను రద్దు చేసింది. తరువాత 2016లో ఊటల రక్షణ చట్టం వచ్చింది. 30 ఊటలను ఎంచి, వాటికి నీరు దిగే ప్రాంతాలకు గీతలు గీసి, ఎకరంలోపు స్థలాల్లో నత్రజనిని తగ్గించని కొత్త సెప్టిక్ ట్యాంకులకు అడ్డుకట్ట వేసింది. ఇరవై యేళ్ళలో హద్దుకు చేర్చాలని గడువూ పెట్టింది. రైతుల విషయంలో మాత్రం చట్టం చెయ్యి మెత్తన. ప్రభుత్వం చెప్పిన మంచి పద్ధతులు పాటిస్తామని సంతకం చేసి, పాటిస్తే చాలు, నీటికి కీడు చేయడం లేదనే భావిస్తారు. వాళ్ళ పొలం కింద నీరు ఎలా వుందో చూడనక్కర లేదు! సువానీ నది ప్రాంతపు ఊటల్లో నత్రజనిలో అత్యధిక భాగం పొలాలదీ, పశువులదీ అయినప్పుడు ఇది ఎలాంటి కాపలా?

ఊటల పక్షం వహించిన సంఘాలు కోర్టుకెక్కాయి. ప్రభుత్వ ప్రణాళికలు చట్టం కోరినట్టుగా లేవని, ఎవరి వాటా ఎంతో తేల్చలేదని 2023లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. లెక్క తేల్చినా ఫలితం వెంటనే కనబడదు. నేలలోకి దిగిన నీరు ఊటకు చేరడానికి కొన్ని చోట్ల దశాబ్దాలు పడుతుంది. ఈనాడు పైకి ఉబికేది తండ్రుల కాలం నాటి ఎరువు. నైట్రేటు ఒక్కటే కారణం కాదని, బోర్లు తోడివేయడంతో ప్రవాహం తగ్గినందువల్ల కూడా పాచి పెరుగుతోందని చెప్పే శాస్త్రజ్ఞులున్నారు. వారి మాటలో నిజం లేకపోలేదు. అయితే ఈ మాటను పట్టుకుని ఎరువు జోలికి రాకుండా చూసుకునేవాళ్ళే ఎక్కువ.

టాలహసీ మురుగు శుద్ధి అయిన తరువాత వకల్లాకు చేరుతున్న నత్రజనిలో పెద్ద వాటా సెప్టిక్ ట్యాంకులదే. ఆ మాట చెప్పినప్పుడు మా వాడు నవ్వలేదు.

“మురుగు గొట్టం మా వీధికి వస్తే కలుపుకుంటాను మామయ్యా. తవ్వకం ఖర్చులో కొంతయినా సర్కారు పెట్టుకోవాలి. పచ్చికకు ఎరువు రేపే మానేస్తాను, అది నా చేతిలో పని.”

“మీ ఆవిడ ఒప్పుకుంటుందిట్రా?”

“పచ్చిక ఆవిడది కాదు, కాలనీ సంఘంది. అది ఎండిపోతే నోటీసు పంపిస్తారు,” అన్నాడు.